అమ్మ కాలికి కట్టిన అగ్గిపుల్ల

మా చిన్నప్పుడు... ఎండాకాలం పొద్దున్నే అమ్మ అరుగు మీద కాలు చాపుకుని కూర్చునేది. నేను ఎదురుగా కూర్చుని, ఆమె చీలమండ దగ్గర పుండులోంచి వేలాడే తెల్లటి దారాన్ని అగ్గిపుల్లకు చుట్టేదాన్ని. అది దారం కాదు... పురుగు. మా పాలమూరు పల్లెల్లో దాన్ని నారి అనేవాళ్లం.

రోజుకు ఒక చుట్టు, మహా అయితే రెండు. గట్టిగా లాగితే తెగుతుంది. తెగితే లోపలి ముక్క చీము పట్టి కాలు వాస్తుంది. మా వాడలో ఒకాయనకు అట్లాగే తెగి మోకాలు బిగుసుకుపోయింది. అవ్వ వేళ్లు వణుకుతాయని, బాపు వేళ్లు మొరటని, ఆ పని తొమ్మిదేళ్ల నా మీద పడింది.

"పైలం బిడ్డా... నీ అమ్మ కాలు నీ చేతుల్నే ఉన్నది" అనేది అవ్వ. అని, తను మాత్రం కళ్లు మూసుకునేది.

చుట్టిన పుల్లను పాత గుడ్డ పేలికతో కాలికి కట్టేవాళ్లం. మొత్తం బయటికి రావడానికి ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ నాకు బువ్వ సయించలేదు.

మధ్యలో ఒకరోజు ఆరోగ్యశాఖ సారు వచ్చి మా దిగుడు బావి మెట్ల మీద నిలబడి చెప్పాడు. నారి ఉన్నవాళ్లు నీళ్లలో కాలు పెడితే దాని పిల్లలు నీళ్లలో కలుస్తాయట... ఆ నీళ్లు తాగినవాళ్లకు ఏడాదికి నారి బయటపడుతుందట. గుడ్డతో వడగట్టకుండా చుక్క తాగొద్దన్నాడు.

"ఏడాదా సారూ? గప్పటిదాంక తెల్వదా?" అన్నాడు బాపు.

"తెల్వది" అన్నాడాయన.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మంట తట్టుకోలేక ముందురోజే ఆమె ఆ బావిలో కాలు పెట్టి కూర్చుంది. చూసింది నేనొక్కదాన్నే. ఊరంతా తాగేది ఆ నీళ్లే. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా" అంది ఇంటికి వచ్చాక. చెప్పలేదు.

అవ్వ పాత చీర చింపి, నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టింది.

రెండు వారాలు దాటాయో లేదో... మిట్టమధ్యాహ్నం చెలక పొలం నుంచి వస్తుంటే ఆరేళ్ల తమ్ముడు దూప అని ఒకటే ఏడుపు. ఇల్లు ఇంకా దూరం, బావి పక్కనే ఉంది. మెట్లు దిగి దోసిలితో తాగించాను. రెండు దోసిళ్లు తాగి మూడోది అడిగినప్పుడు గుర్తొచ్చింది నాకు... గుడ్డ.

ఆ మూడో దోసెడు నేను తాగాను. వాడికి వస్తే నాకూ రావాలని.

ఇక ఆ ఏడాది ఎట్లా గడిచిందో నాకే తెలుసు. స్నానం చేయించే వంకతో వాడి కాళ్లు తడిమేదాన్ని. దోమ కుట్టి దద్దురు లేచినా నారేమోనని వేలితో నొక్కి చూసేదాన్ని. వాడు గంతులేస్తుంటే అందరూ నవ్వేవాళ్లు, నేను మాత్రం ఆ కాళ్లనే చూస్తూ నిలబడేదాన్ని.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. నాకేమీ కాలేదు. తమ్ముడు మాత్రం ఒకరోజు బడి నుంచి కుంటుతూ వచ్చాడు.

"అక్కా, గీడ మండుతాంది" అని పాదం చూపించాడు. చిన్న పొక్కు.

అమ్మ వాడి పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. "నా పాపమే పోరనికి తాకింది" అని ఏడ్చింది. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది... విప్పలేదు. భయం. మళ్లీ అగ్గిపుల్ల పట్టుకున్నాను. వాడు నా భుజం పట్టుకుని "తెంపకే అక్కా" అంటూనే ఉన్నాడు. తెంపలేదు... అదొక్కటే నేను చేసిన మంచి పని.

తర్వాత ఊళ్లో బోరింగులు పడ్డాయి. దిగుడు బావిని పూడ్చేశారు. ఇప్పుడు గుమ్మం ముందుకే నీళ్ల క్యాను వస్తుంది, నారి అంటే ఏమిటో మా పిల్లలకు తెలియదు. నేను మాత్రం ఇప్పటికీ గ్లాసు వెలుతురుకు ఎత్తి చూడనిదే గుక్క మింగను. కోడలు నవ్వుతుంది, నవ్వనీ.

మీ ఇండ్లలో కూడా బిందె మూతికి గుడ్డ కట్టేవాళ్లా? గుర్తుంటే కింద రాయండి... ఈ భయం నాకొక్కదానికేనా అని తెలుసుకోవాలని ఉంది.

తమ్ముడి పాదం మీద ఆ మచ్చ అట్లాగే ఉంది. "మా అమ్మ ఇచ్చిన ఆస్తి" అని వాడు పిల్లలకు చూపించి నవ్వుతాడు. అమ్మ పోయేదాకా ఆ మాటకు తల దించుకునేది.

తమ్మీ... ఈ పోస్టు నువ్వూ చూస్తావు. అమ్మ కాదురా. ఆ నీళ్లు తాగించింది నేను.