నూకలు తాగిన అంబాసిడర్

మామ పోయాడని అత్త పొద్దున్నే ఫోన్ చేసింది. "మీ మామ పొయినాడు పాపా. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్టే కుర్చీలో వాలిపొయినాడు" అంది. తర్వాత ఏడుపు మధ్యలో, నేనేమీ అడక్కుండానే, "బండి నిన్న కూడా బాగానే నడిచింది" అని చెప్పింది. ఆ ఇంట్లో ఎవరి సంగతి చెప్పినా చివర్లో బండి సంగతి కూడా చెప్పాలి. చావు కబురుకీ అదే పద్ధతి.

మామ మా అమ్మకు అన్న. మనుబోలుకు తూర్పున, సముద్రం గాలి తగిలే ఊళ్లో వరి పండించేవాడు. వాళ్లకు పిల్లల్లేరు, తెల్ల అంబాసిడర్ ఒకటి ఉండేది. పంట బాగా పండిన ఏడు, నెల్లూరులో ఎవరో ఆఫీసరు వాడి వదిలేసిన కారును కొన్నాడు. ఊళ్లో పెళ్లికూతుళ్లు మండపానికి వెళ్లిందీ, నొప్పులొచ్చిన ఆడవాళ్లు ఆసుపత్రికి వెళ్లిందీ అందులోనే. నాట్ల రోజుల్లో యూరియా మూటలూ అందులోనే వచ్చేవి. నాకు డ్రైవింగ్ నేర్పిందీ దాని మీదే. గేరు పడక నేను విసుక్కుంటే, "బండిని తిట్టబాక పాపా, దానికి ఇనపడతాది" అనేవాడు. తమాషాకి కాదు, నిజంగానే నమ్మేవాడు. అత్త ఎప్పుడైనా దాన్ని అమ్మేద్దామని మాటెత్తితే, చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయి అక్కడ వినేవాడు.

పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారనీ, పాత బండ్ల రబ్బరు పైపులు దానికి తట్టుకోలేవనీ పేపర్లో చదివిన రోజు నుంచి ఆయనకు నిద్ర లేదు. అత్త ఊరగాయ పెట్టుకునే గాజు సీసాలో పెట్రోలు పోసి, కాసిని నీళ్లు కలిపి, ఊపి, అరుగు మీద పెట్టాడు. నీళ్లు అడుక్కి దిగాయి గానీ, పోసినప్పుడు పెట్టిన గీత దాటి పైకొచ్చాయి. "చూసినారా, దాక్కోనుండే సరుకు నీళ్లలోకి దిగిపొయింది" అని దారిన పోయే వాళ్లందరినీ పిలిచి చూపించాడు. వాళ్లందరివీ డీజిల్ ట్రాక్టర్లు. తలూపి వెళ్లిపోయారు. ఆ సీసాలో మళ్లీ ఊరగాయ పెట్టే యోగం అత్తకు పట్టలేదు.

అసలు దెబ్బ నాయుడుపేట రైసుమిల్లులో తగిలింది. ఇంటికి వాడుకునే వడ్లు మర పట్టించినప్పుడు తవుడూ నూకలూ మిల్లుకే వదిలేయడం మా వైపు అలవాటు, మర కూలి కింద అది చెల్లు. ఆ నూకలు ఎక్కడికి పోతాయని మామ ఊరికే అడిగాడు. ముందు కోళ్లకు పోయేవనీ, ఇప్పుడు ఇథనాల్ ఫ్యాక్టరీ వాళ్లు కొంటున్నారనీ మిల్లు ఆయన చెప్పాడు. మామ అక్కడే బస్తా మీద కూలబడ్డాడట.

"నేను పండించిన వడ్లు, నా బండికి ఇసం పెడతా ఉండాయి" అని ఆ పూట అన్నం ముట్టలేదు. రాగి సంగటి చేయించుకుని తిన్నాడు.

అంతటితో ఊరుకుంటే ఆయన మామ ఎందుకవుతాడు. ఆ రోజు నుంచి కూలి చేతికిచ్చి నూకలు వెనక్కి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. తన పొలం గింజ ఒక్కటి కూడా పెట్రోలులో పడకూడదని పట్టుదల. దేశంలో ఇథనాల్ ఎంత తగ్గిందో నాకు తెలియదు గానీ, ఆ ఇంట్లో పొద్దున ఉప్పుపిండి, రాత్రి నూకల జావ. వాళ్లను చూడ్డానికి నేను పోతే నాకూ అదే పెట్టారు. "దేశానికి తెలవకపొయినా మన కడుపుకు తెలస్తా ఉండాదిలే" అంది అత్త, ఇంకో గరిటె వడ్డిస్తూ.

ఇంత చేసినా బండి మొరాయించింది. చిల్లకూరులో పెళ్లికి పోతుంటే హైవే మీద ఆగిపోయింది. పట్టుచీర కట్టుకున్న అత్త ఎండలో నిలబడింది. బానెట్ ఎత్తితే పెట్రోలు పైపు ఉబ్బి, పగిలి, చుక్కలు చుక్కలుగా కారుతోంది. అత్త చీర దులుపుకుని ఆటో ఎక్కి పెళ్లికి పోయింది. సాయంత్రం ఇంటికొచ్చాక మాత్రం పెరట్లోకి వెళ్లలేదు. బండి ముందే నిలబడి చెప్పింది: "ఇంకొక్కతూరి ఇది నన్ను రోడ్డు మీద నిలబెట్టిందంటే పాతసామాన్లోడికే. నా మీద ఒట్టు." అత్త ఒట్టు పెట్టడం మామ అంతకుముందు ఎప్పుడూ వినలేదు. భయపడిపోయాడు.

ఇక మందుల కాలం మొదలైంది. పెట్రోలులో కలిపే సీసాలు నెల్లూరు నుంచి వచ్చాయి, కొరియర్‌లో వచ్చాయి, చెన్నై నుంచి నేనొకటి తెచ్చాను. ఒకటి తుప్పు పట్టకుండా, ఒకటి తేమ చేరకుండా, ఒకటి ఎందుకో దాని మీద కూడా సరిగ్గా రాసిలేదు. చంటిపిల్లలకు పాలు పోసే వెండి పాలాడి ఒకటి ఆ ఇంట్లో వాడకుండా పడి ఉండేది. మామ దానితో కొలిచి, ట్యాంకు మూతి దగ్గర ఒలక్కుండా పోసేవాడు. అది చూసి నేను నవ్వాను. అత్త నవ్వలేదు, వద్దని కూడా అనలేదు.

గూడూరు మెకానిక్ వచ్చి ట్యాంకు వాసన చూశాడు. "అన్నా, ఒక్కటేస్తే పని చేస్తాదో లేదో చెప్పొచ్చు. ఇన్ని కలిపితే సాంబారు. ముందు ఈ తేమ రాకుండా చూడు, నీ బండి పొలానికి నీళ్లు పెట్టేటట్టుండాది" అన్నాడు.

"తేమ యాడ్నించి వస్తాది?" అన్నాడు మామ.

వసారాలో ఇడ్లీ పిండి రుబ్బుకుంటున్న అత్తకు ఒళ్లు మండింది. "నెలకొకసారి తీస్తే రాక ఏం జేస్తాది? పిండిని కదిలించకుండా పెడితే పులవదా? పోసింది పోసినట్టు వాడెయ్యాల. రోజూ తిప్పు, లేదా అమ్ము" అంది.

మెకానిక్ ఆమె వైపు చూసి, అక్క చెప్పిందే మాట అన్నాడు. ఇథనాల్ తేమను పీలుస్తుందనీ, సముద్రం పక్కన కదలని ట్యాంకులో అది మరీ ఎక్కువనీ చెప్పి, కొత్త పెట్రోలుకు ఓర్చుకునే పైపులు వేసి వెళ్లాడు. గెలిచే ఆటలో తన పేకముక్క తానే ఎదుటివాడికిచ్చానని అత్తకు అప్పుడు తట్టింది. మూతి విరిచి లోపలికి పోయింది గానీ, మాట బయటికొచ్చేసింది కదా.

ఆ మర్నాటి నుంచి మామ రోజూ పొద్దున్నే బండి తీశాడు. మొదట్లో అత్త కాపలాకి ఎక్కింది, ఎక్కడ ఆగుతుందో కళ్లారా చూసి ఒట్టు తీర్చుకుందామని. అది ఆగలేదు. సముద్రం దాకా పోయేవాళ్లు. పడవలొస్తే చేపలు కొనుక్కుని, రాకపోతే కాసేపు కూర్చుని వచ్చేవాళ్లు. పెళ్లయినప్పటి నుంచి ఆ ఇద్దరూ కలిసి ఎక్కడికైనా వెళ్లారంటే పెళ్లికో, చావుకో. పని లేకుండా పక్కపక్కన కూర్చుని పోవడం ఆ వయసులో మొదలైంది. కొన్నాళ్లకు అత్త ఆయన కంటే ముందే తయారై తలుపు దగ్గర నిలబడేది. ఒట్టు మాట ఇద్దరూ ఎత్తలేదు.

బండి బాగుపడింది మందు వల్లనా, పైపు వల్లనా, తిప్పడం వల్లనా అన్నది మాత్రం తేలలేదు. మందే అని మామ, పైపే అని మెకానిక్, నేనే అని అత్త. నాకైతే అత్త మాటే నిజమనిపిస్తుంది. కానీ మామ బతికుండగా ఆ మాట ఆయన ముందు అనే ధైర్యం నాకు లేకపోయింది. పాలాడితో పోస్తున్నప్పుడు ఆయన ముఖం నేను చూశాను. ఆయన్ను తలుచుకుంటే నాకు ముందు ఆ ముఖమే గుర్తొస్తుంది.

కర్మలన్నీ అయ్యాక బండిని అడుగుతూ చెన్నై నుంచి ఒకాయన వచ్చాడు. పాత కార్లంటే ప్రాణం ఆయనకు. మర్యాదస్తుడు, చుట్టూ తిరిగి చూసి కళ్లకద్దుకున్నంత పని చేశాడు. అత్త ఒంటరిది, బండితో ఏం చేస్తుందని నేనూ సరేనన్నాను. అత్త అన్నీ విని ఒక్కటే అడిగింది.

"రోజూ తిప్పతావా నాయనా?"

"అయ్యో, లేదమ్మా. రోడ్డు మీదకే తియ్యను. అద్దాల గదిలో పెట్టుకుంటాను."

"అట్టయితే కుదరదు" అంది అత్త. ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపించింది.

నేనేదో అనబోయేలోపే తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "పద, నేర్పు" అంది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. కాళ్లు అందక అత్త వీపు వెనక దిండు పెట్టుకుంది, కొంగు నడుముకు దోపింది, తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. రెండు చేతులతో స్టీరింగ్ బిగించి పట్టుకుని, ఎదురుగా బండి పెట్టే పాక గోడను రోడ్డును చూసినట్టు చూస్తూ, గేరు వెయ్యకుండా అట్లాగే కూర్చుంది. పాకంతా పెట్రోలు వాసన. "తొందర పెట్టబాక" అంది నాతో, నేనేమీ అనకుండానే.