చేప లేని చోటు

క్రాంజి జలాశయంలో తోమాన్ ఏ నెలలో ఎక్కడ ఉంటుందో యర్రయ్యకి తన చొక్కా జేబులో ఏముందో తెలిసినంత బాగా తెలుసు. తోమాన్ అంటే మన కొరమేనుకి పెద్దన్న. ఒంటి మీద నల్లచారలు, నోట్లో రంపం. డిసెంబరు వానలకి నీరు బురదెక్కితే గట్టు వెంబడి గడ్డిలోకి వస్తుంది. ఫిబ్రవరి ఎండలకి నీరు తీస్తే మునిగిన చెట్ల మొదళ్ళలో దూరుతుంది. ఏప్రిల్ ఉక్కకి వాననీటి కాలువ కలిసే మలుపు దగ్గర ఊపిరి కోసం పైకొచ్చి, గుటక వేసి దిగిపోతుంది.

ఇంత తెలిసిన మనిషి మూడేళ్ళపాటు ప్రతి ఆదివారం పొద్దున, ఏ కాలంలోనూ చేప రాని పాత చెక్కల రేవు మీద కూర్చున్నాడు. దానికి కారణం జయరాం.

యర్రయ్య తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చినవాడు. యర్రయ్య ఓడల యార్డులో క్రేను నడిపి రిటైరయ్యాడు. యూ టీ పేటలో ఒక ఫ్లాట్‌లో ఒక్కడే ఉంటాడు. భార్య అంకమ్మ పోయాక ఆ ఇంట్లో ఫ్యాన్‌ని తిట్టడానికి తప్ప తెలుగుతో పని పడలేదు. వుడ్‌ల్యాండ్స్‌లో ఉన్న కూతురు రాధ ఫోన్ చేసి, మందులేసుకున్నారా అని ఇంగ్లీషులో అడిగి, ఈయన జవాబు కూడబలుక్కునేలోపే పెట్టేసేది.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకి పిచ్చెక్కుతుందని లోకం భయపడుతున్న రోజుల్లో జయరాం తెనాలి నుంచి ఉద్యోగానికి వచ్చాడు. బుకిట్ బటోక్‌లో మరో ముగ్గురితో కాపురం. ఒక ఆదివారం గట్టు మీద గేలం దారం చిక్కుపడితే, "నీ కడుపు కాలా" అన్నాడు. పక్కనున్న యర్రయ్యకి ప్రాణం లేచొచ్చింది.

"తెలుగోడివా తంబీ? తిట్టు బాగుంది, ముడే బాలేదు. ఇలా తే."

చేపలున్న చోటు చూపిద్దామనే లేచాడు. నాలుగడుగులు వేశాక ఆలోచన మారింది. చేప పడితే ఈ కుర్రాడు ఫోటో తీసుకుని పోతాడు, మళ్ళీ రాడు. కాళ్ళు చెక్కల రేవు వైపు తిరిగాయి.

"ఇక్కడుంటాయా అంకుల్?"

"ఉంటాయా అంటావేం? కిందటేడు ఇక్కడే ఒకటి నా గేలం మింగి, ఆనకట్ట దూకి, నన్ను పక్క దేశంలోని జొహోర్ దాకా ఈడ్చుకెళ్ళింది. దానికి పాస్‌పోర్టు లేదని అక్కడివాళ్ళు ఇద్దర్నీ తిప్పి పంపారు."

జయరాం కడుపు పట్టుకుని నవ్వాడు. మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చాడు. వానొస్తే "నీరు పెరిగింది, ఆగు", ఎండొస్తే "నీరు తగ్గింది, ఆగు" అనేవాడు యర్రయ్య. జయరాం ఎరగా కట్టిన ప్లాస్టిక్ కప్పని విసిరి విసిరి చెయ్యి నొప్పెట్టుకునేవాడు.

రెండువేల ఒకటి ఏప్రిల్‌లో జయరాం గేలం కర్ర విప్పకుండానే కూర్చున్నాడు.

"ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ అంకుల్. నన్నూ తీసేశారు. శుక్రవారం ఫ్లైట్. మూడేళ్ళలో ఒక్క చేపైనా పట్టలేదు చూడండి, అదే చిన్నతనంగా ఉంది."

యర్రయ్య లేచాడు. సంచి భుజాన వేసుకుని కాలువ మలుపు దాకా నడిచాడు. జయరాం వెనకే వచ్చాడు. కాసేపటికి నీటి మీద గుటక వినిపించింది.

"అక్కడికి కాదు. అది తల తిప్పిన వైపు, రెండు బారలు ముందుకి వెయ్."

కర్ర విల్లులా వంగింది. అయిదు కిలోల తోమాన్ గట్టెక్కింది. ఫోటో అయ్యాక యర్రయ్యే దాన్ని నీళ్ళలోకి జారవిడిచాడు.

"తంబీ, ఒక నిజం చెప్తాను. ఆ రేవు దగ్గర చేపలుండవు. ఎప్పుడూ లేవు. చేప దొరికితే నువ్వు రావని కూర్చోబెట్టాను."

జయరాం పకపకా నవ్వాడు. "మీ జొహోర్ కథకంటే ఇది బాగుంది అంకుల్. దీన్ని మాత్రం మా నాన్నకి చెప్పాలి."

"నిజమే."

"అదీ నిజమే అన్నారు. పాస్‌పోర్టు చేప." కళ్ళు తుడుచుకుని జయరాం వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

తర్వాతి ఆదివారం కాలువ మలుపులో రెండు మూడు చోట్ల గుటకలు వినిపించాయి. యర్రయ్య ఆగకుండా చెక్కల రేవుకి పోయాడు. ఇక్కడి హోటళ్ళలో ఇంకెవరూ కూర్చోకుండా కుర్చీ చోప్ చేసి ఆపినట్టు, పక్కన టిష్యూ పొట్లం పెట్టాడు. వ్యాయామానికి వచ్చిన ఒక పెద్దావిడ ఇక్కడెవరైనా ఉన్నారా అని ఇంగ్లీషులో అడిగింది.

వస్తాడన్నాడు యర్రయ్య. ఆవిడ నమ్మి ముందుకి నడిచింది.