ఊచల్లేని కిటికీ

జులై మొదటి సోమవారం, ఉదయం ఏడు గంటల నలభై రెండు నిమిషాలకు మొదలైంది గొడవ. ఆ రోజుల్లో పొద్దున్నే జనమంతా సికింద్రాబాదులో దిగుతుంటే, టీచర్లం, నేనూ నా స్నేహితురాలూ ఎదురుదారిన బొల్లారం బడికి లోకల్ ఎక్కేవాళ్ళం. వచ్చే బండికి మనుషులు వేలాడేవారు. పోయే బండిలో ఆడవాళ్ళ పెట్టె మొత్తం మాదే. (కిటికీలు లెక్కపెట్టాను, ఇరవై నాలుగు.) అంత సుఖం మనుషులకు పడదు. ప్రమాదమొస్తే దూకడానికని ఊచలు లేకుండా వదిలిన కిటికీ ఒక్కటే ఉండేది. ఏడాదిగా అది నాది. ఆ సోమవారం నా స్నేహితురాలు ముందే వచ్చి అక్కడ కూర్చుంది.

"లేవే, అది నా చోటు."

"ఇకనుంచి నాకిచ్చెయ్యవా అక్కా?"

"ఎందుకు?"

"ఊరికే."

ఊరికే అన్నది నా దగ్గర చెల్లదు. డైరీ తీసి, ఏ తేదీ నుంచి అక్కడ కూర్చుంటున్నానో చదివి వినిపించాను. అటుగా వచ్చిన టీసీ విస్తుపోయాడు. "ఏంది మేడమ్, డబ్బా మొత్తం ఖాళీ ఉంది. గీ ఒక్క కిటికీకి గింత లొల్లా? పిల్లలకు గిదేనా నేర్పేది?" ఆమె మొహం ఎర్రబడింది. బండి కదలకముందే దిగిపోయింది. ఆ రోజు నుంచి బస్సులోనే వచ్చింది, నాతో మాట్లాడలేదు. నేను గెలిచానని డైరీలో రాసుకున్నాను.

ఆ ఉదయమే అల్వాల్ దాటగానే, పట్టాల పక్క మేడమీద కుర్చీలో ఒక ముసలావిడ ఎర్ర తువ్వాలు ఊపింది. నా విజయాన్ని గుర్తించిందనుకుని దర్జాగా చెయ్యి బయటపెట్టి నేనూ ఊపాను. రోజూ అంతే. నాలుగో మంగళవారం కుర్చీ ఖాళీగా ఉంది. బడికెళ్తే, స్నేహితురాలి తల్లి పోయిందన్నారు. సాయంత్రం వాళ్ళన్నయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. అదే మేడ.

"మన గొడవకి ముందు ఆదివారమే అమ్మను ఇక్కడికి తెచ్చారు," అంది ఆమె. "చూపు ఆనదు. రోజూ కిటికీలోంచి చెయ్యి ఊపుతానని మాటిచ్చాను. ఆ చెయ్యి నాదే అనుకుంటూ పోయింది."

"ముందే చెప్పొచ్చుగా!"

"నిన్ను అడగడానికి కారణం కూడా చూపించాలా అక్కా?"

మళ్ళీ ఆమె నాతో ప్రయాణం చెయ్యలేదు.

ఇప్పటికీ అప్పుడప్పుడు బొల్లారం లోకల్ ఎక్కుతాను. "కిటికీ కాడ కూర్చోండి ఆంటీ, గాలొస్తది," అంటారు పిల్లలు. వద్దంటాను. ఖాళీ పెట్టెలో నిలబడి టీసీ ముందు తేదీలు చదివిన ఆ పాతికేళ్ళ పంతులమ్మ గుర్తొచ్చి నవ్వొస్తుంది.

ఆదివారాలు తీసేస్తే పోయినవి పందొమ్మిది ఉదయాలు, ఒక స్నేహితురాలు. ఆ ఉదయాలు నావి కావు.