గొర్రుకు మామ పెట్టిన షరతు

మా మేనమామ పోయాడని అర్ధవీడు వైపు నుంచి కబురు వచ్చేసరికి నేను గిద్దలూరులో ఉన్నాను. తొలకరి వాన వెలిసి, నేలలో పదును ఆరిపోతున్న రోజులవి. విత్తనం వేస్తే అప్పుడే వేయాలి. మామ చావడానికి కూడా అదను చూసుకున్నాడని నవ్వబోయి, నవ్వలేకపోయాను.

ఆయన మంచివాడే గాని నెమ్మదస్తుడు కాడు. అన్నం ముందు కూర్చుని కూడా మబ్బును తిట్టేవాడు. మా రాళ్ల చేలల్లో విత్తనం వేసే గొర్రు పళ్లు మాటిమాటికీ విరిగేవి. రాయి తగిలితే వెనక్కి మడతపడి, దాటగానే మళ్లీ నిలబడే ఇనుప పళ్లతో ఆయన ఒక గొర్రు చేయించాడు. మార్కాపురం ప్లీడరు ఒకాయన పట్టుబట్టి దానికి పేటెంటు తెప్పించాడు. ఇక మామ సెలవు లేనిదే ఎవరూ అలాంటిది చేయకూడదు. కలకత్తా నుంచి వచ్చిన ఆ కాగితంతో మామ మధ్యాహ్నాలు విసురుకునేవాడు.

మద్రాసు వ్యాపారి ఒకడు ఆ హక్కు కొంటానని వచ్చాడు. మామ మజ్జిగ తాగించి పంపేశాడు.

"వాన పడినాక రైతు పోయి వాని గుమ్మం కాడ నిలబడాలంట అల్లుడా! రేపు వానను గూడ మూట గట్టి అమ్ముతాడేమో," అన్నాడు నాతో.

చుట్టుపక్కల కమ్మరులను పిలిచి ఆ గొర్రు ఎవరైనా చేసుకోవచ్చన్నాడు. షరతు ఒక్కటే. చేయించుకున్న రైతు ఎద్దులు లేనివాళ్ల చేను ఒకటి ముందు విత్తి, తర్వాతే తన చేలోకి దిగాలి. అందరూ తలలూపారు. ఊరికే వస్తుంటే ఎవరు కాదంటారు?

మామ కర్ర పట్టుకుని తిరిగినంత కాలం అది సాగింది. మొదటి గొర్రు ఎప్పుడూ మరియమ్మ చేలోకే పోయేది. మొగుడు లేని మనిషి, కూలి చేసుకుని బతుకుతుంది, చర్చి వెనక చిన్న చేను తునక ఉంది. మామ మంచం పట్టాక ఊరికి షరతు గుర్తులేదు. గొర్రు మాత్రం బాగానే గుర్తుంది.

పోయే ముందు రోజు కూడా కొడుకును అడిగాడట.

"మరియమ్మ చేను అయిందా రా?"

"అయింది నాయనా, పండుకో."

ఆ అబద్ధం సంగతి మా అత్త ఏడుస్తూ చెప్పింది.

శవం లేచే వేళకు మోసేవాళ్లు కరువయ్యారు. దారికి రెండు వైపులా ఆయన గొర్రులే నడుస్తున్నాయి. ఒకాయన ఎద్దులను ఆపకుండానే దండం పెట్టి, "పదును పోతాంది, ఏమనుకోవాకండి," అని కేకేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

గుంట దగ్గర, కాస్త దూరంగా, మరియమ్మ నిలబడి ఉంది. "నువ్వన్నా వచ్చినావు," అన్నాను.

"నా చేన్లోకి ఎవురూ రాలే అయ్యా. వచ్చింటే ఈ పొద్దు నేను గూడ రాలేకపోయేదాన్ని," అంది.

గుంట పూడ్చి మిగతావాళ్లంతా స్నానాలకు వాగు వైపు పోయాక ఆమె కొంగు ముడి విప్పింది. విత్తనానికని దాచుకున్న కొర్రలు. ఆ తడి మట్టి మీద పిడికెడు చల్లి, చేత్తో పైపైన కప్పి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.