జూన్‌లో అత్యవసరం, ఆగస్టులో అనవసరం

1980 ఎండాకాలంలో నన్ను బూర్గంపాడు సెక్షనుకు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. రోడ్ల శాఖలో ఉద్యోగం వచ్చినప్పుడు మా నేలకొండపల్లిలో కనపడ్డవాళ్లందరికీ "మొత్తానికి రోడ్డున పడ్డాను" అని చెప్పి, వాళ్లు నవ్వేలోపు నేనే నవ్వేవాణ్ని. బూర్గంపాడు వెళ్లాక చూస్తే ఆ రోడ్డు కూడా పూర్తిగా లేదు. శాఖలో సెక్షను అన్నిటికంటే కింది మెట్టు. దానిపైన సబ్‌డివిజను, ఆపైన ఈఈ అని పిలిచే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు చూసే డివిజను, ఇంకా పైన సూపరింటెండింగ్ ఇంజనీరు చూసే సర్కిలు. కాగితాలు ఈ మెట్ల మీదుగా పైకి వెళ్లేవి, చీవాట్లు అవే మెట్ల మీదుగా కిందికి దిగేవి. ఎక్కడానికి పట్టినంత సేపు దిగడానికి పట్టేది కాదు.

నా సెక్షనులో అడవి గూడేలకు పోయే రోడ్డును ఒక వాగు అడ్డంగా కోసేది. దాని మీద మేం కాజ్‌వే కట్టేవాళ్లం. వంతెనంత ఎత్తు ఉండదు, ఖర్చూ ఉండదు. మామూలు నీళ్లు అడుగున పెట్టిన సిమెంటు తూముల గుండా పోతాయి, పెద్ద వరద పైనుంచి పొర్లిపోతుంది. డ్రాయింగులో అలాగే పోయేది. వాగులో మాత్రం, అడవి నుంచి కొట్టుకొచ్చిన వెదురూ ఆకుచెత్తా తూములకు అడ్డం పడేవి. నీళ్లన్నీ పైనుంచి దూకి, దిగువవైపు పునాది కింద మట్టిని తోడేసేవి. కాజ్‌వే కూలేది. వానలున్నన్నాళ్లూ రోడ్డు పనులు ఆగిపోయి మాకు చేతినిండా తీరికే. అవి వెనకబట్టాక అదే డ్రాయింగుతో అదే చోట మళ్లీ కట్టేవాళ్లం.

గూడెం నుంచి కూలికొచ్చే లచ్చమ్మ ఒకసారి తట్ట దించి నన్నడిగింది. "సారూ, నీకు వాగు మీద పగనా, మా మీద ప్రేమనా? ఏడాదికోపారి గిదే కడ్తవు, గిదే కొట్కపోతది. మాకు కూలైతే దొరుకుతాంది గని, పోరగాండ్లకు జరమొస్తే వాగు ఇవతల్నే కూసుంటున్నం."

నేను నవ్వేశాను. కానీ ఆ మాట తర్వాత వాగును చూసే పద్ధతి మారింది. రెండు వానాకాలాలు ఒడ్డున నిలబడి చెత్త ఏ తూము దగ్గర మొదట ఆగుతుందో, నీళ్లు ఎక్కడ సుడి తిరుగుతాయో బొమ్మలు గీసుకున్నాను. తూముల మూతి ఆకారం, వరస మారిస్తే చెత్త దాటిపోతుందని అనిపించింది. అనిపిస్తే చాలదు, పరీక్షించి చూడాలి.

1984లో అందుకు దారి కనిపించింది. రాజధానిలోని ఒక విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ విభాగంలో నీటి ప్రవాహాల మీద పనిచేసే పరిశోధక బృందం ఉండేది. వాళ్ల దగ్గర గాజు గోడల కాలువ ఒకటుంది. అందులో చిన్న చిన్న నమూనాలు పెట్టి నీళ్లు వదిలి చూస్తారు. ఉద్యోగంలో ఉన్న ఇంజనీర్లను రెండేళ్లపాటు బృందంలో చేర్చుకుంటామని ప్రకటన వేశారు. వయసు గడువు ప్రకారం నాకు అదే ఆఖరి అవకాశం.

ప్రభుత్వోద్యోగి ఎక్కడికి దరఖాస్తు చేసినా "త్రూ ప్రాపర్ ఛానెల్" వెళ్లాలి. ఛానెలంటే కాలువే కదా, దీనికీ అడుగడుగునా షట్టర్లుంటాయి. అవి ఎత్తేదాకా ఆగలేనివాళ్లు అడ్వాన్సు కాపీ ఒకటి నేరుగా పంపుకోవచ్చు. అసలు కాగితం పై అధికారుల అభిప్రాయాలతో ఇంటర్వ్యూ నాటికి చేరితే చాలు. ఆ అభిప్రాయాలను రిమార్కులంటారు. రిమార్కు అధికారిదే, కానీ చిత్తు ప్రతి కిందివాళ్లు రాసిపెట్టడం మా ఆఫీసు ఆచారం. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు మంచి మనిషి. "నీ గురించి నాకంటే నీకే బాగా తెలుసు కదయ్యా. డ్రాఫ్టు పెట్టు, సంతకం పెడతా" అన్నారు.

సిగ్గుపడుతూ నాలుగు ముక్కలు రాశాను. హెడ్ గుమాస్తా మల్లయ్య గారు చదివి కళ్లద్దాలు తీశారు.

"ఏంది సార్ గిది? పిల్లనియ్యమని పోయి, పిల్లగాడు పర్వాలేదు అన్నట్టున్నది. జర గట్టిగ రాయుండ్రి."

గట్టిగా రాశాను. ఇంగ్లీషులో నా సేవలు డివిజనుకు 'ఇండిస్పెన్సబుల్' అన్నాను. నేను లేనిదే పని నడవదని.

"అంటే డిస్పెన్సరీల దొరకని మందన్నట్టా?" అన్నారాయన. "అవ్, గిది బాగున్నది."

నాకూ బాగానే ఉంది. ఎంత బాగుందంటే, సంతకమయ్యాక దాని నకలొకటి తీయించి అడ్వాన్సు కాపీకి జతచేసి విశ్వవిద్యాలయానికి పంపాను. ఇది జూన్ మాట.

జూలైలో సర్కిలు నుంచి కాగితం తిరిగొచ్చింది. ఇంత అత్యవసరమైన అధికారిని వదలడం వీలుపడదని సూపరింటెండింగ్ ఇంజనీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఈఈ గారు చాలా నొచ్చుకుని, "చూశావా, నేను పొగిడితే నువ్వు ఇరుక్కున్నావు" అన్నారు. పొగిడిందెవరో ఇద్దరికీ తెలుసు. ఆయనే ఉపాయం చెప్పారు. నేను లేకపోయినా పనులు ఆగవని ఇంకో డ్రాఫ్టు పెట్టమన్నారు.

మల్లయ్య గారు మళ్లీ కాగితం ముందు పెట్టారు. "గిప్పుడు మెత్తగ రాయుండ్రి సార్."

ఇతను లేనందువల్ల డివిజను పనులకు ఏ ఆటంకమూ ఉండదని, ఇతని పని ఎవరైనా చేయగలరని రాశాను. మొదటి డ్రాఫ్టుకు రెండు రోజులు తంటాలు పడ్డవాణ్ని, ఇది టీ చల్లారేలోపు అయిపోయింది. ఆగస్టులో సర్కిలు వెంటనే ఒప్పుకుంది. అంత వెంటనే ఒప్పుకున్నందుకు కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా.

సెప్టెంబరులో ఇంటర్వ్యూకి వెళ్లాను. సంచిలో వాగు బొమ్మలున్నాయి. బల్ల అవతల ముగ్గురు, మధ్యలో బృందానికి పెద్దయిన ప్రొఫెసరు గారు. ఆయన రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చదివారు. ఒకటి నేను ముచ్చటపడి పంపిన నకలు, రెండోది ప్రాపర్ ఛానెల్లో వచ్చింది. సంతకం ఒకటే.

"జూన్‌లో మీరు లేనిదే డివిజను నడవదు. ఆగస్టులో మీరున్నా లేకున్నా ఒకటే. ఈ రెండు నెలల్లో ఏం జరిగిందండీ?"

రెండూ నేనే రాశానని చెప్పొచ్చు. చెబితే మా ఈఈ గారు ఎవరేం రాసినా సంతకం పెడతారని చెప్పినట్టవుతుంది. నాకు మేలు చేయబోయి పెట్టిన సంతకాలవి. అవి పక్కనపెట్టి వాగు గురించి మొదలుపెట్టినా సరిపోయేది. నాకు తోచింది వేరు.

"వానలు పడ్డాయండీ" అన్నాను.

ముగ్గురూ నవ్వారు. ప్రొఫెసరు గారు కళ్లు తుడుచుకున్నారు. నేను ఇంకేమైనా చెప్పేది ఉందా అని అడిగారు. గదిలో గాలి నాకు అనుకూలంగా ఉందనిపించింది, పాడుచేయడం ఎందుకని "లేదండీ" అన్నాను. బొమ్మలు సంచిలోనే ఉన్నాయి. కొత్తగూడెం బస్సులో కూర్చుని ఆ మాటను మనసులో మళ్లీ మళ్లీ అనుకుని మురిసిపోయాను.

ఎంపిక కాలేదని నెలలోపే ఉత్తరం వచ్చింది. కారణం రాయలేదు.

కొన్నేళ్ల తర్వాత ఒక ఇంజనీర్ల సమావేశంలో ఆ ప్రొఫెసరు గారు కనిపిస్తే వెళ్లి నమస్కారం పెట్టాను. వెంటనే గుర్తుపట్టారు. "వానలు పడ్డాయన్నది మీరే కదూ? ఇప్పటికీ మా పిల్లలకు చెబుతుంటాను" అని నవ్వారు. తర్వాత "మీరు ఏ సమస్య మీద పనిచేయాలని వచ్చారు? ఆ రోజు అడిగామో లేదో గుర్తు లేదు" అన్నారు. వాగు సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు విన్నారు. తూముల మూతి గురించి రెండు ప్రశ్నలు వేశారు, రెండూ అసలైన ప్రశ్నలే. "ఇది ఆ రోజే చెప్పాల్సిందండీ" అన్నారు. అప్పటికి ఆయన పదవీ విరమణకు దగ్గరపడ్డారు, నా వయసు గడువు ఎప్పుడో దాటింది. నేను బూర్గంపాడులో ఉన్నంతకాలం ఆ వాగు మీద పాత డ్రాయింగుతోనే కట్టాం. వాగు కూడా తన పద్ధతి మార్చుకోలేదు.

ఈ వ్యవహారంలో నాకు అన్యాయం చేసినవాళ్లెవరూ లేరు. నా గురించి రెండు డ్రాఫ్టులు రాశాను, రెండింట్లోనూ వాగు ప్రస్తావన లేదు. తర్వాత నేనూ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరునై, కిందివాళ్ల దరఖాస్తుల మీద రిమార్కు రాసే వంతు వచ్చినప్పుడు డ్రాఫ్టు అడగడం మానేశాను. దరఖాస్తుదారును ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏ పని చూశాడో, అందులో ఏం తెలుసుకోవాలనుకుంటున్నాడో అడిగి నా చేత్తో నేనే రాశాను. మనిషి ఎలాంటివాడన్న సంగతి రాయలేదు.