తాత ఎదుట నాయన

యాభైల చివర్లో మా ఇందుకూరుపేట వైపు రైతుల ఇళ్ళలో ఒక మర్యాద ఉండేది. కన్నతండ్రి ఎదుట మగవాడు తన బిడ్డను ఎత్తుకోకూడదు, ముద్దు చేయకూడదు. తమ్ముడి బిడ్డనైతే ఎంతైనా ఆడించవచ్చు. ఈ నియమం పెట్టిన మహానుభావుడు ఎన్నడూ చిన్నపిల్లాడిగా ఉండి ఉండడు.

తాత రోజంతా అరుగు మీదే ఉండేవాడు. నాయన పొలం నుంచి వస్తూనే చిన్నాయన కొడుకును గాల్లోకి ఎగరేసి పట్టుకునేవాడు. నా ఈడువాడే. వాడికి గేదె మీదికెక్కడానికీ, కాలవలో దూకడానికీ భయం లేదు. నేనైతే గడప దాటాలన్నా అమ్మ కొంగు పట్టుకునేదాన్ని. చిన్నాయన నన్ను ఆడించవచ్చు గాని, ఆయనకు పేకాటే లోకం. వాడి ధైర్యం ఎక్కడినుంచి వస్తోందో రోజూ కళ్ళెదుటే కనపడుతుంటే నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు ఉండబట్టలేక, "నాయనా, నన్ను గూడా ఎగరెయ్యి" అని చేతులు చాచాను. నాయన తాత వైపు చూశాడు. "పనుండాదమ్మా" అని మళ్ళీ పొలానికే వెళ్ళిపోయాడు.

ఆ కార్తీకంలో మైపాడుకు సముద్రస్నానానికి బండి కట్టారు. మోకాళ్ళ నొప్పులతో తాత ఇంట్లోనే ఉండిపోయాడు. అలలు చూసి నేను కెవ్వుమన్నాను. నాయన నా రెండు రెక్కలూ పట్టుకుని, "అల వస్తా ఉండాది, కాళ్ళెత్తు!" అంటూ అల మీదుగా లేపాడు. తర్వాత పైకి ఎగరేశాడు. గుండె ఝల్లుమంది. కిందికి వచ్చేసరికి ఆయన చేతులున్నాయి. "ఇంకోసారి, ఇంకోసారి" అని ప్రాణం తీశాను. ఆయనకూ తనివి తీరలేదు. నాయన అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

తిరుగుదారిలో ఆయన ఒళ్ళోనే నిద్రపోయాను. ఊరు దగ్గరపడగానే మెల్లగా లేపి, "మీయమ్మ కాడికి పో తల్లీ" అన్నాడు.

మరునాడు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా అరుగు మీదినుంచి దూకాను. ఆ ధైర్యం మళ్ళీ నన్ను విడిచిపోలేదు. ఒంటరిగా బడికి వెళ్ళాను, చెట్లెక్కాను. కాని ప్రతి కార్తీకానికీ నాయన చేతుల కోసమే ఎదురుచూశాను. మరుసటి ఏడాదికి తాత మోకాళ్ళు బాగుపడ్డాయి. ఆయన కూడా బండెక్కేవాడు. నాయన అందరికంటే దూరంగా నిలబడి స్నానం చేసేవాడు.

తాత పోయేనాటికి నాకు ఓణీ వేశారు. ఇక నన్ను దగ్గరకు తీసుకోవడానికి నాయన ఎవరికీ జంకనక్కర్లేదు. ఒక సాయంత్రం పొలం నుంచి వచ్చి, అరుగు మీద కూర్చుని, నా వైపు చాలాసేపు చూశాడు.

"అప్పుడే ఇంత పెద్దదానివైపోయినావేమ్మా" అన్నాడు.