ఆ ఏడు ఒక్క నవలకే చోటు

చాలా ఏళ్లుగా ఒక మాటను గొంతు దాటనివ్వకుండా మోస్తున్నాను. ప్రార్థనలో కూడా దాన్ని చుట్టూ తిప్పి చెప్పానే గాని, ఉన్నదున్నట్టు చెప్పలేదు. ముఖం తెలియని మీకు చెప్పడం తేలిక అనుకున్నాను. కాదు.

సునీతా నేనూ సికింద్రాబాద్‌లో ఒకే బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. ఆమె సీతాఫల్‌మండిలో పుట్టి పెరిగింది. మేము గుంటూరు వైపు నుంచి వచ్చి అల్వాల్‌లో స్థిరపడ్డవాళ్లం. ఇద్దరం చెరో నవల రాశాం. ఆమెది చదివాక కొన్నాళ్లు నాది ముట్టుకోలేకపోయాను. వాళ్ల వాడకట్టు ఆడవాళ్ల తిట్లూ నవ్వులూ అన్నీ వాళ్ల మాటల్లోనే ఉన్నాయి. నాదానికంటే అది మంచి నవల. ఈ వాక్యం రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

అప్పటికే పత్రికలు సీరియళ్లు మానేస్తున్నాయి. పుస్తకాల షాపుల్లో నవలలు తీసేసి పోటీ పరీక్షల గైడ్లు పెడుతున్నారు. కొత్తవాళ్లు రాసింది చదివే ప్రచురణకర్త మాకు తెలిసి ఒక్కరే మిగిలారు. ఆయనకు రెండూ ఇచ్చాం. ఒక సాయంత్రం నేనొక్కదాన్నే వెళ్లాను. ఈ ఏడు ఒక్క నవలే వేయగలనని, సునీతది వేద్దామనుకుంటున్నానని ఆయన అన్నారు.

"తను వేరేవాళ్లకు ఇచ్చేసిందండీ" అన్నాను.

ముందే అనుకుని వెళ్లానా? లేదు. మరి అంత తడుముకోకుండా ఎలా వచ్చింది? ఆయన నొచ్చుకున్నారు. అయితే మీదే వేద్దామని, ఆమె రాతప్రతి నా చేతికే ఇచ్చేశారు.

మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో దాన్ని సునీతకిచ్చాను. వద్దన్నారంటే సరిపోయేది. నేను అక్కడితో ఆగలేదు.

"ఈ భాషలో నవల ఎవరూ చదవరన్నారు."

"గట్లన్నడా? మా అమ్మ గట్లనే మాట్లాడ్తది గదనే."

ఆమె రాతప్రతిని సంచిలో పెట్టుకుంది.

"పోనీ తియ్. నీదన్న ఏస్తుండా?"

తలూపాను.

"మంచిగైంది. ఇద్దర్ల ఒక్కలదన్న అచ్చయితది" అని క్లాసుకు వెళ్లిపోయింది.

నా పుస్తకం వచ్చింది. ఆవిష్కరణకు వచ్చిన కొద్దిమందిలో సునీత ముందు వరుసలో కూర్చుంది. కొనేవాళ్లు లేక కట్టలన్నీ ప్రచురణకర్త దగ్గరే పడున్నాయి. ఆ తర్వాత ఆయన కొత్తవాళ్ల నవలలు వేయడం మానేశారు. సునీత రాయడం మానేసింది. మళ్లీ రాయవచ్చు కదా అని అడిగాను కూడా. ఏ ముఖం పెట్టుకుని అడిగానో తెలియదు. "సదివేటోళ్లు యాడున్నరే" అని నవ్వింది. పాఠకులు తగ్గారని, యువ రచయితలు రావడం లేదని సభల్లో నేనూ వాపోయాను. అది అబద్ధం కాదు. కానీ ఆ నిజం వెనక దాక్కోవడం నాకు ఎంత హాయిగా ఉండేదో!

సునీత ఇప్పుడు యాప్రాల్‌లో ఉంటోంది. ఎదురుపడితే నన్ను రచయిత్రి అని పిల్లలకు పరిచయం చేస్తుంది. చెప్పాల్సింది ఆమెకు. మీకు చెబుతున్నాను. ఇది కూడా పిరికితనమే. అయినా ఇంతవరకు రాసేసరికి ఊపిరి కొంచెం ఆడుతోంది.

సునీత నవలను ఎవరూ వద్దనలేదు. వద్దన్నది నేను.